ఎవరి అంకె వాళ్ళదే

మా పాలపొడి ఫ్యాక్టరీలో ఎవరినైనా మెచ్చుకోవాలంటే "అంత అధ్వానంగా ఏం లేదు" అంటారు. మా పశ్చిమ యూట్‌లాండ్ ప్రాంతం మొత్తం మీద అంతకు మించిన మెప్పు నేను వినలేదు. మా బాబు పుట్టినప్పుడు నాతో పనిచేసే బోదిల్ చూడ్డానికి వచ్చింది. ఉయ్యాలలోకి వంగి చాలాసేపు చూసి, "ఇంతకంటే ఘోరమైన మొహాలు చూశాన్లే," అంది. నేను ఓడెన్సే పట్నంలో పెరిగినదాన్ని. ఆమె గుమ్మం దాటగానే ఏడుపందుకున్నాను. మా ఆయన ఈ ఊరివాడే. "పిచ్చిదానా, వాడు ఆమెకు తెగ నచ్చాడు. నచ్చకపోతే గాలీవానా గురించి మాట్లాడి వెళ్ళిపోయేది," అన్నాడు.

లాబ్‌లో బోదిల్‌ది నా ఎదుటి బల్ల. అరవైకి దగ్గరపడిన మనిషి. పొట్టి జుట్టు, జనవరి చలిలోనూ మోచేతుల దాకా మడిచిన కోటు, ఎవరితో మాట్లాడినా పని ఆపని చేతులు. పొడిలో తేమ ఎంతుందో చూడ్డం ఆమె ఉద్యోగం. కార్మిక ప్రతినిధిగా ఉండడం ఆమె బతుకు. మా భాషలో ఆ పదవి పేరులోనే నమ్మకం అనే మాట ఉంటుంది. రెండేళ్ళకోసారి ఎన్నిక పెట్టేవారు గానీ ఆమెకు పోటీగా ఎవరూ నిలబడేవారు కాదు. ఫ్లాస్కు మూత తిప్పుతూ "ఈ తద్దినం ఇంకెవరికైనా కావాలా?" అని తనే అడిగేది. అందరూ రొట్టెకు వెన్న రాసుకుంటూ ఉండేవారు. కాఫీ చల్లారేలోపు ఎన్నిక అయిపోయేది.

ఆ పదవిలోకి ఆమె ఎందుకొచ్చిందో ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు, ఎందుకంటే ఏడాదికోసారైనా చెప్పేది. పదిహేడో ఏట సముద్రపొడ్డున చేపలు కోసే కొట్టంలో చేరింది. ఆడపిల్లలంతా బల్ల ముందు వరసగా నిలబడి కోస్తుంటే మేస్త్రీ వాళ్ళ వెనక నడిచేవాడు. ఎవరి చేయి ఎంత వేగమో, ఎవరికెంత ఇవ్వాలో అతని నోటిమాటే. అతని జోకులకు నవ్విన పిల్లకు వెచ్చగా ఉండే చివరి బల్ల, నాలుగు క్రోనర్లు ఎక్కువ కూలీ. ఒకరోజు బోదిల్ వీపు మీద వేలితో పొడిచి, "నువ్వు కూడా నవ్వితే నీ చేయి కూడా వేగం పుంజుకుంటుంది," అన్నాడట. ఆమె కత్తి బల్ల మీద పెట్టి, ఆప్రాన్ విప్పి, ఆరు మైళ్ళు ఎదురుగాలిలో నడిచి ఇంటికెళ్ళిపోయింది. ఈ కథ చెప్పిన ప్రతిసారీ చివర్న ఒకటే అనేది: "వెనక నిలబడి ధర కట్టేవాడున్నచోట మనిషికీ చేపకీ తేడా ఉండదు."

మా దగ్గర జీతం సర్వీసును బట్టి ఉండేది. ఎన్నేళ్ళు చేస్తే అంత. తెలివైనవాడికీ మొద్దుకీ ఒకటే. అందులో అన్యాయం ఉందని బోదిల్‌కు తెలియకపోలేదు. "ఉంటే ఉంది. అది అందరికీ కనబడే అన్యాయం," అనేది.

తర్వాత ఫ్యాక్టరీ చేతులు మారింది. కొత్త యజమానులకు కోపెన్‌హేగన్ దగ్గర ఇంకో పాలపొడి ఫ్యాక్టరీ ఉంది. రెండింటికీ కలిపి ఒకే జీతాల పద్ధతి పెట్టాలని అక్కడి నుంచి రిక్కె అనే ఆమెను పంపారు. ఉద్యోగులందరికీ అయిదు మెట్లు. పనిలో నేర్పు, ఇతరులకు నేర్పడం, ఇతరులను నడిపించడం లాంటి ఎనిమిది విషయాల్లో ఒక్కొక్కరికీ ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు. అంకెల మొత్తాన్ని బట్టి మెట్టు. మెట్టును బట్టి జీతం, పెంపు, శిక్షణకు ఎవర్ని పంపాలి, కొత్తవాళ్ళకు ఎవరు నేర్పాలి, షిఫ్టు ఎవరి చేతికివ్వాలి, అన్నీ. బేరానికి కూర్చున్నప్పుడు లాబ్ తరఫున బోదిల్ నన్ను పక్కన పెట్టుకుంది.

"అంకెలు ఎవరు వేస్తారు?" అంది బోదిల్.

"మీ సూపర్‌వైజర్. ఆ తర్వాత నేనొకసారి చూస్తాను."

"కుదరదు."

"ఎందుకని?"

"వెనక నిలబడి వేస్తాడు కాబట్టి."

రిక్కెకు అర్థం కాలేదు.

"ఎవరి అంకె వాళ్ళే వేసుకుంటారు," అంది బోదిల్. "దాన్ని పైవాళ్ళెవరూ మార్చకూడదు. ఇంకోటి. అందరి అంకెలూ భోజనాల గది గోడ మీద పెట్టాలి. చాటున ఎవరికీ ఏమీ ఉండకూడదు."

రిక్కె నవ్వింది. "అలాగైతే అందరూ అయిదులే వేసుకుంటారు కదా, బోదిల్."

"మావాళ్ళ సంగతి నీకు తెలీదు."

రిక్కె వరండాలోకి వెళ్ళి ఎవరితోనో ఫోన్లో మాట్లాడింది. నేను కాఫీలో పాలు కలుపుకునేలోపే తిరిగొచ్చి, "సరే, రెండూ ఒప్పుకుంటున్నాం," అంది. అంత తొందరగా సరే అంటే సంతలో దూడను కొనేవాడైనా దాని కాళ్ళు మరోసారి చూస్తాడు. మేం చూడలేదు. మర్నాడు బోదిల్ సొంత డబ్బుతో బాదం కేకు తెచ్చింది. గెలుపు అనే మాట ఎవరూ అనలేదు. "మరీ తీసికట్టు ఒప్పందమేం కాదు," అన్నాడు పాలను పొడిగా ఎండబెట్టే టవర్ దగ్గర పనిచేసే ఎవాల్. బోదిల్ చెవులు ఎర్రబడ్డాయి. కేకు చివరి ముక్క ఎప్పటిలాగే ఎవరూ తీసుకోలేదు. ఒకరు సగం కోసుకున్నారు, ఇంకొకరు ఆ సగంలో సగం. సాయంత్రానికి పళ్ళెంలో వేలి గోరంత మిగిలింది.

మార్చిలో అంకెలు వేసుకునే రోజు వచ్చింది. భోజనాల గదిలో అందరికీ కాగితాలు, పెన్సిళ్ళు పంచారు. నా పక్కన ఎవాల్ కూర్చున్నాడు. 'ఇతరులకు నేర్పడం' దగ్గర రెండు వేశాడు.

"ఎవాల్, ఇక్కడ సగం మందికి పని నేర్పింది నువ్వే కదా," అన్నాను.

"నేర్చుకున్నది వాళ్ళు. నేను పక్కన నిలబడ్డాను."

నేను అన్నింటికీ మూడు వేసుకున్నాను. మూడు వేసినవాళ్ళను ఎవరూ ఏమీ అనరు. బోదిల్ 'ఇతరులను నడిపించడం' దగ్గర రెండు వేసి, "నేనెవర్ని నడిపిస్తాను? ఎవరి కాళ్ళు వాళ్ళకున్నాయి," అంది. అది వినయం అనుకుంటే పొరపాటు. ఆమెకు అది గర్వం. తన మనుషులు తమను తాము పెంచి చెప్పుకోరన్నది ఆమెకున్న పెద్ద ఆస్తి.

మర్నాడు పొద్దున అంకెలు గోడ మీదికొచ్చాయి. ఒకే ఒక్క వరసలో రెండు అయిదులు, మిగతావన్నీ నాలుగులు. రాజధాని నుంచి రెండేళ్ళ కిందట వచ్చిన యానిక్‌వి. కుర్రాడు పనిమంతుడే. ఆ అయిదులు అబద్ధం కావని నాకు తెలుసు. కాఫీ వేళ అందరం గోడకేసి చూసి, కప్పుల్లోకి చూసుకున్నాం.

"అబ్బాయ్ యానిక్," అంది బోదిల్, "అయిదు మీద ఆరు పెట్టడం మర్చిపోయారు వాళ్ళు. ఎలా సర్దుకున్నావో ఏమో పాపం."

గది గొల్లుమంది.

"ప్రొఫెసరు గారికి కాఫీ పొయ్యండర్రా, లేచి పోసుకుంటే ఆయనకి చిన్నతనం," అన్నాడు ఎవాల్.

యానిక్ కూడా నవ్వాడు, మెడ దాకా ఎర్రబడి. ఆ రోజునుంచీ అతని పేరు ప్రొఫెసరు. చలికాలం టోపీ మీద ఎవరో ఆ మాట కుట్టించి కూడా ఇచ్చారు.

జూన్‌లో మెట్లు తేలాయి. కోపెన్‌హేగన్ ఫ్యాక్టరీలో ఎక్కువమంది నాలుగో మెట్టు. మా దగ్గర దాదాపు అందరం రెండో మెట్టు, యానిక్ నాలుగో మెట్టు. ఎవరి జీతమూ తగ్గించలేదు. కానీ రెండో మెట్టుకు ఒక పైహద్దు ఉంది. ఎవాల్, బోదిల్ లాంటి పాతవాళ్ళ జీతాలు ఆ హద్దును ఎప్పుడో దాటేశాయి. హద్దు పెరిగి పెరిగి వాళ్ళను అందుకునేదాకా వాళ్ళకు పెంపు లేదు. లెక్క వేసి చూస్తే, ఎవాల్‌కు అది పింఛను తీసుకునే వయసు దాటాక వస్తుంది.

జీతం కంటే నేర్పడం దగ్గర దెబ్బ గట్టిగా తగిలింది. ఆకులు రాలే కాలంలో కోపెన్‌హేగన్ ఫ్యాక్టరీవాళ్ళు కొందరు టవర్ పని నేర్చుకోవడానికి మా దగ్గరికొచ్చారు. నేర్పడానికి నాలుగో మెట్టు ఉండాలన్నది పద్ధతి. అంచేత కాగితం మీద నేర్పేవాడు యానిక్. టవర్ దగ్గర నిలబడి గొంతు పోయేలా చెప్పింది ఎవాల్. రోజు చివర్న యానిక్ సంతకం పెట్టేవాడు, దానికి విడిగా భత్యం కూడా తీసుకునేవాడు. ఒకరోజు అతనే లాబ్‌కు వచ్చాడు.

"బోదిల్, ఇది నాకు సిగ్గుగా ఉంది. ఎవాల్ మొహం చూడలేకపోతున్నాను."

"నీ అంకె నువ్వేసుకున్నావు, ప్రొఫెసరూ," అంది ఆమె తల ఎత్తకుండా.

అతను వెళ్ళాక ఆమె చేతులు మొదటిసారి ఆగాయి. "అమ్మాయ్, నువ్వు కొలతలు చదువుకున్నదానివి. ఎక్కడ తప్పింది ఇది?"

"సున్నా సరిచూడకుండా రెండు త్రాసుల్లో తూచాం," అన్నాను. "వాళ్ళ నాలుగూ మన రెండూ ఒకే బరువు."

అప్పటికప్పుడు రిక్కెకు ఫోన్ చేసింది. నాకు వినబడేలా స్పీకర్ పెట్టింది.

"రిక్కె, అక్కడా ఇక్కడా ఒకటే పొడి, ఒకటే సంచి. వాళ్ళు నాలుగూ మేం రెండూ ఎలా అవుతాం?"

"మీరు రెండు వేసుకున్నారు కాబట్టి."

"మావాళ్ళు రెండు వేసుకున్నారంటే నువ్వు నాలుగని చదువుకోవాలి."

"చదువుకున్నాను, బోదిల్. నిజంగానే. ఎవాల్‌కు నాలుగో మెట్టు ఇవ్వాలని మీ సూపర్‌వైజర్ కూడా రాశాడు. కానీ అంకెను పైవాళ్ళెవరూ మార్చకూడదని ఒప్పందం. తగ్గించకూడదని లేదు, మార్చకూడదని ఉంది. ఆ వాక్యం నువ్వు రాయించిందే."

బోదిల్ బల్ల మీది గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

"మార్చిలో మళ్ళీ వేసుకోవచ్చు కదా. అందరికీ ముందే చెప్పు," అంది రిక్కె. దయగానే అంది. ఫోన్ పెట్టేశాక బోదిల్ ఆ దయనే తిట్టింది.

ఆ చలికాలమంతా ఆమె ఒక్కొక్కరి వెంటా పడింది. సైకిళ్ళ షెడ్డులో, బట్టలు మార్చుకునే గదిలో, లారీల దగ్గర. "మార్చిలో నాలుగు వెయ్యి" అనేది ఒక్కటే మాట. ఎవాల్‌ను పట్టుకున్నప్పుడు నేనక్కడే ఉన్నాను.

"నాలుగా?" అన్నాడు ఎవాల్, ఎవరో అతన్ని బట్టలు విప్పమన్నట్టు.

"నాలుగే. నీకు తగిన అంకె అది."

"గోడ మీద పెడతారు కదా."

"పెడితే?"

"మా బావమరిది యెన్స్ పేటర్ లోడింగ్‌లోనే ఉన్నాడాయె. శనివారం పేకాటకి వాళ్ళింటికే పోవాలి. నాలుగుగారొచ్చారు, కుర్చీ తుడవండి అంటాడు. చచ్చేదాకా అంటాడు."

"అననీ."

"నీకేం, అనేదానివి నువ్వు." ఎవాల్ చేతి తొడుగులు వేసుకున్నాడు. "యానిక్‌ని అన్నది ఎవరు మరి?"



గోడ మీద పెట్టడం మానేద్దామా అని బోదిల్ అందరినీ అడిగింది. రిక్కెకు అభ్యంతరం లేదు. వద్దన్నది మావాళ్ళే. "ఇన్నాళ్ళూ చాటు ఉండకూడదని ఇప్పుడు చాటు దేనికి?" అన్నాడు యెన్స్ పేటర్. "ఎవరో ఏదో వేసుకోబోతున్నారన్నమాట." చాలామంది తలలు ఊపారు. జాబితా గోడ మీదే ఉండిపోయింది.

అప్పుడు బోదిల్ తనే ముందు దూకాలనుకుంది. ఒక గొర్రె దూకితే మందంతా దూకుతుందని లాబ్‌లో నాతో అంది. అంకెల రోజుకు ముందు అందరినీ పిలిచి చెప్పింది: "నేను అన్నింటికీ నాలుగు వేస్తున్నాను. నాకు దమ్మిడీ గర్వం లేదని మీకు తెలుసు. అందరం వేస్తే ఎవరూ ఎవరినీ అనడానికుండదు." మళ్ళీ తలలు ఊగాయి. ఈ ఊళ్ళో తల ఊపితే, చెప్పింది వినబడిందని అర్థం.

నేను నాలుగులు వేశాను. శిశుసంరక్షణ ఫీజు పెరిగింది, బాబు చలికాలంలో సగం రోజులు జలుబుతోనే ఉన్నాడు. గోడ మీద ఏం కనబడుతుందో అనే బెంగ కంటే అవి పెద్ద బెంగలు. నాలాంటి చిన్నపిల్లల తల్లిదండ్రులు ఇంకో నలుగురు వేశారు. ఎవాల్ ఒకచోట రెండు కొట్టేసి మూడు వేశాడు. కాగితం ఇచ్చేముందు మళ్ళీ రబ్బరుతో చెరిపేశాడు. ఆ రబ్బరు పొడిని బల్ల మీంచి అరచేత్తో తుడిచి జేబులో వేసుకోవడం చూశాను.

మర్నాడు జాబితా వచ్చింది. మా అయిదుగురిని ఎవరూ పట్టించుకోలేదు. మాది బయటి ఊళ్ళ బుద్ధి, లేదా కుర్రతనం. అందరూ చదివింది ఒకే వరస, బోదిల్ నాలుగుల వరస. ఎవరూ నవ్వలేదు. యానిక్‌ను ఏడిపించినట్టు ఏడిపించినా బాగుండేది. "ఈ గాలికి పైకప్పు రేకులు లేస్తాయేమో," అన్నాడు ఒకడు. "లేవొచ్చు," అన్నాడు ఇంకొకడు. బోదిల్ అటూ ఇటూ చూసింది. కాఫీ తాగింది. కప్పు కడుక్కుని వెళ్ళింది. తలుపు మూసుకున్నాకే యెన్స్ పేటర్ నోరు తెరిచాడు.

"మన తరఫున మాట్లాడమంటే తన తరఫున వేసుకొచ్చింది."

"అందరితోనూ చెప్పే వేసింది కదా," అన్నాను.

"అదే మరి. మనం నాలుగులు వేసే రకం కాదని ఆమెకి తెలుసు. మావాళ్ళ సంగతి నీకు తెలీదని రిక్కెతో అన్నది ఆమే కదా, నువ్వే చెప్పావు."

నేనే చెప్పాను, నిజమే, మెచ్చుకుంటూ చెప్పాను.

బోదిల్‌కు నాలుగో మెట్టు వచ్చింది, కొంచెం పెంపుతో. ఆ పెంపు తనకొద్దని, అందరం కాఫీ ఖర్చుకు చిల్లర వేసే డబ్బాలో వెయ్యడం మొదలుపెట్టింది. అంతకు మించిన పొరపాటు ఆమె చేసి ఉండదు. "దానం చేస్తోంది," అన్నారు. డబ్బా పక్కన ఎవరో రెండో డబ్బా పెట్టారు. మేం మా క్రోనర్లు అందులో వేసేవాళ్ళం. అవును, నేను కూడా. ఏ డబ్బాలో ఎవరు వేస్తున్నారో అందరూ చూస్తుంటారు.

మే నెలలో ఎన్నిక వచ్చింది. బోదిల్ ఎప్పటిలాగే నిలబడి, "ఈ తద్దినం ఇంకెవరికైనా కావాలా?" అంది. ఫ్లాస్కు మూత మాత్రం తిప్పలేదు.

"ఎవాల్ పేరు రాయండి," అన్నాడు యెన్స్ పేటర్.

"నాకెందుకురా బాబూ, నాకు మాట్లాడ్డం రాదు," అన్నాడు ఎవాల్.

"అందుకే."

చీటీలు వేశాం. లెక్కింపు బోదిలే చెయ్యాలి, పాత ప్రతినిధి కాబట్టి. ఒక్కో చీటీ విప్పి, పైకి చదివి, బల్ల మీద రెండు దొంతరలుగా పేర్చింది. ఒక దొంతర ఎత్తుగా లేచింది. ఎవాల్ పేరు చదివిన ప్రతిసారీ ఆమె గొంతు ఒకే మట్టంలో ఉంది. అయిపోయాక అతనికి చెయ్యి అందించింది. "చెడ్డ ఎంపికేం కాదు," అంది. అతను మాత్రం ఆమె వైపు చూడలేక గోడకేసి చూశాడు.

ప్రతినిధి కాగితాల బీరువా తాళంచెవులు తీసుకోవడానికి ఎవాల్ లాబ్‌కు వచ్చాడు.

"ఇవన్నీ నువ్వే చూసుకుంటుంటే బాగుండు, బోదిల్. పేరు నాదుంటే ఉండనీ."

"ఆ ఆట టవర్ దగ్గర ఆడావు కదా ఒకసారి. చాల్లేదా?"

రిక్కెతో ఎవాల్ మొదటి సమావేశం వేసవి సెలవుల ముందు జరిగింది. పిల్లలకు జ్వరం వస్తే మొదటిరోజు జీతంతో సెలవు అన్నిచోట్లా ఇస్తారు. మాకు రెండోరోజు కూడా ఇచ్చేవారు. ఎప్పుడో బోదిల్ పోట్లాడి సంపాదించింది. అది అవతలి ఫ్యాక్టరీలో లేదు, తీసేస్తే రెండుచోట్లా ఒకేలా ఉంటుందని రిక్కె అందట. "అది లేకుండా కూడా పిల్లలు పెరిగారులే," అన్నాడట ఎవాల్. సమావేశం బాగా జరిగిందని, ఆమె చాలా మర్యాదస్తురాలని వచ్చి చెప్పాడు. దాని బదులు ఏం తెచ్చావని ఎవరూ అడగలేదు. అడగడం అంటే ఆశపడడం.

అక్టోబరులో బాబుకు చెవిపోటు, జ్వరం. రెండోరోజు పొద్దున ఫోన్ చేస్తే నా సొంత సెలవులోంచి కోస్తామన్నారు. సొంత సెలవు ఒక్కరోజే మిగిలి ఉంది. చలికాలం ఇంకా మొదలుకాలేదు. ఆ మర్నాడు లాబ్‌లో బోదిల్ ముందు నిలబడ్డాను.

"బోదిల్, ఆ రెండోరోజు వాళ్ళలా తీసెయ్యొచ్చా? ముందుగా నోటీసు ఇవ్వక్కర్లేదా?"

"ఎవాల్‌ని అడుగు."

"ఎవాల్‌కి తెలీదు."

"నేర్చుకుంటాడు. పక్కన ఎవరైనా నిలబడితే."

"నీకు తెలుసు కదా."

ఆమె ఓవెన్ తలుపు తెరిచి, పట్టకారుతో తేమ గిన్నె బయటికి తీసింది. "తెలుసు," అంది.

  ఆ వేడిగాలిలో నా మొహం మండుతోంది.

"నేను నీకే ఓటేశాను, బోదిల్," అన్నాను. అది నిజం. అయినా బయటికొచ్చేటప్పటికి అబద్ధంలాగే వినిపించింది.

"అవును," అంది. "ఇప్పటిదాకా నాతో అందరూ అదే అన్నారు."

గడియారం చూసి వేళ రాసుకుని, తరువాతి గిన్నె అందుకుంది.